గ్రేహౌండ్ పందేలకి మన ట్యాక్స్ డబ్బు ఎందుకు? డబ్లిన్ తెలుగు వాళ్ళ చర్చ

(పాల్గొన్నవాళ్ళు: పందెం కుక్కలో వాటా ఉన్న లిమరిక్ వ్యాపారి, రిటైరైన గ్రేహౌండ్లకి (పరుగు పందేల జాతి కుక్కలకి) ఇళ్ళు వెతికే వాలంటీర్, ఒక అకౌంటెంట్.)

మోడరేటర్: నమస్కారం. 2024 డిసెంబర్‌లో న్యూజిలాండ్ కుక్కల పందేలు ఆపేస్తామంది, ఆ తర్వాత ఫిబ్రవరిలో వేల్స్ కూడా అదే మాట అంది. ఐర్లండ్ మాత్రం 2025 బడ్జెట్‌లో ఈ పందేలకి 19.8 మిలియన్ యూరోలు ఇచ్చింది, అప్పటి రేటులో సుమారు 180 కోట్ల రూపాయలు. ఇక్కడ అద్దెలు కట్టలేక జనం అల్లాడుతుంటే ఇదేంటి? అందరికీ సమానంగా టైమిస్తాను.

అకౌంటెంట్: 2001 చట్టంతో ఒక నిధి పెట్టారు. అందులో 80 శాతం గుర్రప్పందేలకి, 20 శాతం కుక్కల పందేలకి. 2025కి మొత్తం 99.1 మిలియన్ యూరోలు. స్టేడియానికి జనం వచ్చినా రాకపోయినా ఆ వాటా మారదు, అదీ...

వ్యాపారి: ఒక్క నిమిషం! బెట్టింగ్ మీద ప్రభుత్వం 2 శాతం పన్ను వసూలు చేస్తోందా లేదా? మా ఆట మీద వచ్చిన డబ్బు మాకిస్తే తప్పేంటి?

అకౌంటెంట్: ఫుట్‌బాల్ బెట్టింగ్ కూడా అందులోనే ఉంది కదండీ...

వ్యాపారి: నన్ను పూర్తి చెయ్యనివ్వండి. పల్లెల్లో రైతులు కుక్కల్ని సాకుతారు, దాణా కొట్లు, వెట్ డాక్టర్లు, అంతా దాని మీదే. డబ్లిన్‌లో కూర్చుని మాట్లాడ్డం తేలిక.

వాలంటీర్: అన్నా, 2019లో ఇక్కడి ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈలో ఏం చూపించారో మీకు తెలుసు. ఈ పందేల్ని నడిపే గ్రేహౌండ్ బోర్డే డబ్బిచ్చి రాయించుకున్న రిపోర్టులో, వేగం చాలదని ఏటా 6 వేల దాకా కుక్కల్ని చంపేస్తున్నారని...

వ్యాపారి: అది అంచనా! లెక్క కాదు, అంచనా. ఇప్పుడు ప్రతి కుక్కకీ చిప్ ఉంది, ఎక్కడుందో రికార్డు ఉంది.

వాలంటీర్: రికార్డు ఉంటే మంచిదే. కానీ పుట్టే పిల్లలు ఎక్కువ, పరుగుకి పనికొచ్చేవి తక్కువ. మిగిలినవాటిని ఎవరు సాకాలి? నేను ఇటలీ దాకా ఫోన్లు చేసి ఇళ్ళు వెతుకుతున్నాను. ఇంకో సంగతి, బ్రిటన్ ట్రాకుల మీద పరిగెత్తేవాటిలో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే, అంటే మన పన్నుతో...

మోడరేటర్: అక్కా, అద్దెల సంగతి. ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళొస్తాయి?

అకౌంటెంట్: ఇళ్ళ బడ్జెట్ వేరండీ, రెండూ కలిపితే...

మోడరేటర్: పోనీ, స్టేడియం స్థలాలు? డబ్లిన్‌లో హారోల్డ్స్ క్రాస్ కుక్కల స్టేడియం 2017లో మూసేశారు కదా.

అకౌంటెంట్: అది విద్యాశాఖ స్కూళ్ళ కోసం కొంది.

మోడరేటర్: అదే నేనంటున్నది! అలాంటి చోట ఇళ్ళు కట్టొచ్చు.

వ్యాపారి: అసలు మన భీమవరం మాటేంటి? సంక్రాంతికి కోళ్ళకి కత్తులు కట్టే ఊళ్ళ నుంచి వచ్చి ఐరిష్ వాళ్ళకి జాలి నేర్పుతామా?

వాలంటీర్: అదీ తప్పే, అదీ ఆగాలి. అయినా కోడిపందేలకి ప్రభుత్వం బడ్జెట్‌లో డబ్బు పెట్టట్లేదు కదా...

వ్యాపారి: కోట్లు చేతులు మారతాయి!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, కోడిపందేల మీదే చాలాసేపు నడిచింది.)

వాలంటీర్: నా ప్రశ్న ఒక్కటే. సర్కారు డబ్బు లేకుండా ఈ ఆట ఒక్క ఏడాది నిలబడుతుందా?

వ్యాపారి: ఉద్యోగాలు పోతే మీరిస్తారా? చెప్పండి, మీరిస్తారా?

(వాలంటీర్ ప్రశ్నకి జవాబు రాలేదు. ఈ చర్చలో అడగాల్సిన ప్రశ్న అదే.)

అకౌంటెంట్: డబ్బు ఒక్కసారే ఆపక్కర్లేదు, కొన్నేళ్ళలో తగ్గిస్తూ, ఆ మొత్తాన్ని కుక్కల పునరావాసానికీ...

మోడరేటర్: టైం అయిపోయింది. అన్నా, మీరు ఒక్క ముక్కలో ముగించండి.

వాలంటీర్: నాకు సగం టైం కూడా రాలేదండీ...

వ్యాపారి: ఒక్క ముక్క కాదు, రెండు చెప్తాను. ముందు ఉద్యోగాలు. లిమరిక్‌లో మా స్టేడియానికి శనివారం రాత్రి ఒకసారి వచ్చి చూడండి, కుటుంబాలతో...