కారు తిరగనే లేదు కదా, సర్వీస్ ఎందుకు?

నమస్కారం. కొత్త కారు కొన్నవారి నోట నేను పదే పదే వినే మాట ఒకటుంది: “బండి ఇంకా నాలుగు వేలు కూడా తిరగలేదండీ, పదివేలు తిరిగాక సర్వీస్‌కు ఇస్తాను.” ఇలా అనేవారు నిర్లక్ష్యపరులేమీ కారు. కారును అపురూపంగా చూసుకుంటారు, వారం వారం కడిగిస్తారు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లను ఏడాది దాకా తీయరు. అయినా మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికలో అంకెల పక్కనే ఉండే ఒక షరతును మాత్రం వదిలేస్తారు: కిలోమీటర్లు లేదా నెలలు, ఏది ముందు వస్తే అది.

మారుతి సుజుకి పట్టికనే చూడండి. మొదటి సర్వీస్ 1,000 కిలోమీటర్లకు లేదా నెలకు, రెండోది 5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, మూడోది 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి చేయించాలి. ఆ తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి. ఇతర కంపెనీల్లో అంకెలు కొంత మారతాయి కానీ నెలల షరతు అన్నింటిలోనూ ఉంటుంది. అది కేవలం సర్వీస్ సెంటర్‌కు ఆదాయం తెచ్చిపెట్టడానికే పెట్టారని నమ్మేవారి కోసమే ఈ వీడియో.

[తెరపై: మిర్చి బజ్జీల బండి, మూకుట్లో కాగుతున్న నూనె]

సాయంత్రం పూట ఏదైనా బజ్జీల బండి దగ్గర నిలబడి గమనించండి. మూకుట్లో నూనె ఎప్పుడు మార్చాలన్నది ఆ రోజు ఎన్ని బజ్జీలు అమ్ముడయ్యాయన్న లెక్కను బట్టి తేలేది కాదు. నూనె పొయ్యి మీద ఎంతసేపు కాగింది, అడుగున ఎంత శనగపిండి మాడి పేరుకుంది అన్నవాటిని బట్టి తేలుతుంది. వాన పడి గిరాకీ లేని రోజున కూడా పొయ్యి వెలుగుతూ ఉన్నంతసేపూ నూనె నల్లబడుతూనే ఉంటుంది. మన కారులో ఆ నూనె స్థానంలో ఉన్నది ఇంజిన్ ఆయిల్. బజ్జీల లెక్క చూపించే మీటర్ కూడా ఉంది, తిరిగిన కిలోమీటర్లు చూపే దాని పేరు ఓడోమీటర్. పొయ్యి ఎంతసేపు వెలిగిందో చెప్పే మీటర్ మాత్రం చాలా కార్లలో మన కంటికి కనిపించదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు హైవే మీద తరచుగా తిరిగే కారు సగటున గంటకు 60 కిలోమీటర్లు నడిచిందనుకుంటే, 10,000 కిలోమీటర్లకు దాని ఇంజిన్ దాదాపు 167 గంటలు పని చేస్తుంది. ఆఫీసు వేళల్లో కూకట్‌పల్లి, అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య ఈదుకుంటూ గంటకు 20 కిలోమీటర్ల సగటుతో వెళ్లే కారుకు అవే 10,000 కిలోమీటర్లు పూర్తి కావడానికి 500 గంటలు పడుతుంది. మీటర్ రెండు కార్లకూ ఒకే అంకె చూపిస్తుంది, కానీ రెండో కారులోని నూనె మూడు రెట్లు ఎక్కువ సేపు కాగింది. సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ వేసుకుని కూర్చున్న ప్రతి నిమిషమూ గిరాకీ లేని పొయ్యే.

ఇక పెద్దగా తిరగని కారు సంగతికి వద్దాం, నన్ను ఎక్కువగా విసిగించే వాదన ఇక్కడే ఉంది: తిరగకపోతే ఆయిల్ ఎలా పాడవుతుందని. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో అధిక భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది కానీ, కొంత పిస్టన్ రింగుల (ఇంజిన్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు) పక్క నుంచి జారి కింద ఆయిల్ ఉండే చోటికి చేరుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ పాళ్లలో లోపలికి వెళుతుంది కాబట్టి, సరిగా మండని పెట్రోలు కూడా కొంత అదే దారి పడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఈ తడి, ఈ పెట్రోలు చాలావరకు ఆవిరైపోతాయి. రైతుబజారుకు రెండు కిలోమీటర్లు, బడికి మూడు కిలోమీటర్లు తిరిగే కారులో ఆయిల్ ఆ వేడికి చేరేలోపే మనం ఇంజిన్ ఆపేస్తాం. డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చిందని వాదించకండి. అది చూపించేది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, వేడిని, ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి.

బజ్జీల బండి యజమాని రోజూ పొయ్యి వెలిగించి, నూనె కాగకముందే తడి పిండి వేసి, రెండు బజ్జీలు తీసి వెంటనే పొయ్యి ఆర్పేశాడనుకోండి. పది రోజుల తర్వాత లెక్క చూస్తే అమ్మినవి ఇరవై బజ్జీలే. ఆ మూకుట్లో ఇరవై ఒకటో బజ్జీ వేయిస్తే మీరు తింటారా? ఇంజిన్‌లో ఆ తడీ పెట్రోలూ కలిసి ఆయిల్‌ను పలచన చేస్తాయి, ఆమ్లాలు పుడతాయి, ఆ ఆమ్లాలను అణచడానికి ఆయిల్‌లో కలిపిన రసాయనాలు క్రమంగా ఖర్చైపోతాయి. ఆయిల్ పోసే మూత విప్పినప్పుడు లోపలి వైపు తెల్లటి జిడ్డు నురగ కనిపిస్తే అది తరచుగా ఈ తడి గుర్తే.

ఇక్కడ ఇంకో అలవాటును కూడా ప్రస్తావించాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారును కదలకుండా ఉంచి, బ్యాటరీ దిగిపోకూడదని రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవారు చాలామంది ఉన్నారు. ఉద్దేశం మంచిదే అయినా అది కాగని నూనెలో పిండి వేయడమే. బ్యాటరీ కూడా స్టార్ట్ చేయడానికి ఖర్చైన దానికి మించి పెద్దగా పుంజుకోదు. అంతకంటే వారానికి ఒకసారి అరగంట పాటు రోడ్డు మీద నడిపి తీసుకురావడం ఎంతో నయం.

మాన్యువల్‌లో కఠిన పరిస్థితుల వాడకం అని విడిగా ఒక పేజీ ఉంటుంది. తక్కువ దూరాల ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు, కారును నిలబెట్టి ఎక్కువ సేపు ఇంజిన్‌ను నడపడం అన్నీ అందులో ఉంటాయి. వీటికి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ గడువులు తగ్గుతాయి. అవి విదేశాల కోసం రాసినవని మనవాళ్లు పేజీ తిప్పేస్తారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిచే కారుకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే కారుకు ఆ పేజీ కాకపోతే మరేది వర్తిస్తుందో నాకైతే అర్థం కాదు.

[తెరపై: పాత ఆయిల్ ఫిల్టర్, కొత్త ఫిల్టర్ పక్కపక్కన]

మొదటి సర్వీస్‌లో చాలా కంపెనీలు తనిఖీ మాత్రమే చేస్తాయి, ఆయిల్ మార్చవు. అది మోసం కాదు. కొత్త ఇంజిన్‌లో రింగులు సిలిండర్ గోడలకు ఒరుసుకుని సర్దుకునేటప్పుడు రాలే సన్నని లోహపు రజనును పట్టడానికి ఫిల్టర్ ఉంది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో మీరు చేయాల్సింది ఇంజిన్‌ను అతిగా రేజ్ చేయకపోవడం, గంటల తరబడి ఒకే వేగంతో నడపకపోవడం. ఆయిల్ మార్చే రోజున మాత్రం ఫిల్టర్ కూడా మార్చారో లేదో అడగండి, ఎందుకంటే ఫిల్టర్ ఉంచేసి ఆయిల్ మార్చడమంటే మాడిన పిండిని అడుగునే వదిలి కొత్త నూనె పోయడమే. ఆయిల్ గ్రేడ్, అంటే ఏ రకం ఆయిల్ పోయాలన్న విషయంలో మెకానిక్ సలహా, బావమరిది సలహా రెండూ పక్కన పెట్టి మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలినవి వేగంగా చెబుతాను. ఫ్రీ సర్వీస్‌లో ఉచితం లేబర్ ఒక్కటే, ఆయిల్‌కు, ఫిల్టర్లకు డబ్బు కట్టాలి. గడువు దాటిస్తే ఇంజిన్ సమస్య వచ్చిన రోజున వారంటీ దగ్గర చిక్కు వస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా సాధారణంగా రెండేళ్లకు దాన్ని మార్చాలి. టైర్లలో గాలి ఉదయం కారు కదలకముందు చూసుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ కారు ఊళ్లోనే తిరుగుతూ ఉంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడే అవకాశం దొరకక, దాన్ని శుభ్రపరచడానికి ఇంజిన్ పంపే అదనపు డీజిల్ కలిసి ఆయిల్ మట్టం పెరగవచ్చు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పుల్ల మీద గీత దాటి కనిపిస్తే సంతోషించకుండా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. జాబ్ కార్డు, అంటే చేయబోయే పనుల జాబితా, మీద సంతకం పెట్టే ముందు ఇంజిన్ డీకార్బనైజింగ్, టెఫ్లాన్ కోటింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్ వంటివి మీకు చెప్పకుండా చేర్చారేమో చూడండి. సర్వీస్ పట్టికలో లేనివాటిని, ముఖ్యంగా ఏడాది నిండని కారుకు, కొట్టేయమని మొహమాటం లేకుండా చెప్పండి.