రాక్షసుడి ఇల్లు, దిగుడు బావి: సార్డీనియా పల్లెల్లో కొన్ని రోజులు

శ్రోతలందరికీ నమస్కారం.

మాది ములుగు జిల్లా. చిన్నప్పుడు దామరవాయి గుట్టమీదికి మమ్మల్ని తీసుకుపోయి నాయనమ్మ పెద్ద పెద్ద బండల గూళ్ళు చూపించేది. నాలుగు పక్కలా రాతి పలకలు, పైన కప్పులా ఇంకో బండ. "రాక్షస గుళ్ళు బిడ్డా, మనుషులు లేపే రాళ్ళేనా ఇవి?" అనేది. అవి వేల ఏళ్ళనాటి సమాధులని పెద్దయ్యాక తెలిసింది. ఈ మాటతో ఎందుకు మొదలుపెట్టానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇవాళ మీకు చెప్పబోయేది మధ్యధరా సముద్రంలోని సార్డీనియా దీవి గురించి. ఇది ఇటలీ దేశానిది. మధ్యధరాలో సిసిలీ తర్వాత ఇదే పెద్ద దీవి, విస్తీర్ణం సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది సముద్రం కోసమే వెళ్తారు. ఆ నీళ్ళ రంగు చూశాక వాళ్ళను తప్పుపట్టలేం. కానీ తీరానికి వీపు తిప్పి లోపలి పల్లెల దారి పట్టినవాళ్ళకే ఆ దీవి తన మనసు విప్పుతుందని నా నమ్మకం.

దక్షిణాన కాల్యరి అనే రేవు పట్నం ఉంది. అక్కడి నుంచి సుమారు 60 కిలోమీటర్లు ఉత్తరానికి పోతే మర్మిల్లా ప్రాంతం వస్తుంది. గోధుమ చేలు, ఆలివ్ తోటలు, గొర్రెల మందలు, గుండ్రటి చిన్న చిన్న గుట్టలు. ఆ గుట్టల్లో ఒకదాని మీద లాస్ ప్లాస్సాస్ అనే పాత కోట శిథిలం కిరీటంలా నిలబడి దూరానికే కనిపిస్తుంది. ఆ కోట దాటగానే బరూమిని ఊరు.

బరూమిని పక్కన ఒక దిబ్బ ఉండేది. ఆ ఊళ్ళోనే 1914లో పుట్టిన జొవాన్ని లిల్లియు పురావస్తు శాస్త్రవేత్త అయ్యి, 1950లలో ఆ దిబ్బను తవ్వించాడు. మట్టి కింద నుంచి ఒక కోటే బయటపడింది. దాని పేరు సు నురాజి. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తను పుట్టిన ఊరి దిబ్బలో ఏముందో తానే తవ్వి లోకానికి చూపించే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి!

ఇలాంటి రాతి బురుజులను అక్కడ నురాగె అంటారు. దీవి మొత్తం మీద ఏడు వేలకు పైగా ఉన్నాయి. సున్నం వాడలేదు. నల్లరాతి బండలను గుండ్రంగా వరసలు పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ ప్రతి వరసనూ కాస్త లోపలికి జరుపుతూ చివరికి ఒక్క రాయితో మూసేశారు. సు నురాజి నడిమి బురుజు వయసు దాదాపు 3,500 ఏళ్ళు. మూడు అంతస్తులతో ఒకప్పుడు 18 మీటర్లకు పైగా ఉండేదట, ఇప్పుడు అంత ఎత్తు లేదు. తర్వాతి కాలంవాళ్ళు దాని చుట్టూ మరో నాలుగు బురుజులు కట్టి గోడలతో కలిపారు.

గైడ్ తోడుగానే లోపలికి పంపిస్తారు. ముందు గోడ పైకెక్కి, అక్కడి నుంచి ఇరుకు మెట్ల మీదుగా కిందికి దిగాలి. కొన్నిచోట్ల భుజాలు రెండు పక్కలా రాతికి ఒరుసుకుంటాయి. బయట ఎండ మాడుస్తున్నా ఆ నల్లరాయి మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. నడిమి వాకిట్లో లోతైన బావి ఉంది. కోట బయట గుండ్రటి ఇళ్ళ పునాదులు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో గోడ చుట్టూ రాతి అరుగు, మధ్యలో రాతి తొట్టి ఉన్నాయి. ఆ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని జనం ఏం మాట్లాడుకునేవారో! అక్కడ నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఊళ్ళో జపాతా అనే జమీందారీ కుటుంబం వారి పాత మేడ ఒకటుంది. 1990లో దాన్ని బాగుచేస్తుంటే కింద ఇంకో నురాగె బయటపడింది. ఇప్పుడు అక్కడ గాజు నేల మీద నడుస్తూ కాళ్ళ కింద ఉన్న బురుజును చూడొచ్చు.

బరూమినికి దగ్గర్లోనే జారా పీఠభూమి ఉంది. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి, సుమారు 550 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా మిగిలింది. పైన చిన్న గుర్రాలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. భుజం దగ్గర కొలిస్తే సాధారణంగా 135 సెంటీమీటర్లు మించవు. ముదురు రంగు ఒళ్ళు, ముఖం మీద పడే జూలు, బాదంపప్పులాంటి కళ్ళు. వానాకాలపు నీళ్ళు అక్కడ లోతులేని మడుగుల్లో నిలుస్తాయి. వాటిని పౌలి అంటారు. వసంతంలో నీటి మీదంతా తెల్లటి పూలు పరుచుకుంటాయి. గుర్రాలు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఆ పూలను మేస్తుంటే చూసి తీరాలి. వేసవికి మడుగులు ఎండిపోతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళడం మంచిది.

అక్కడే బెండు చెట్లు కూడా ఉంటాయి, సీసా మూతలకు వాడే కార్క్ వీటిదే. ఈ చెట్ల బెరడును దాదాపు పదేళ్ళకోసారి వేసవిలో ఒలుస్తారు, చెట్టు చావదు. కొత్తగా ఒలిచిన మాను ఎర్రగా, ఒంటి మీద బట్టల్లేనట్టు కనిపిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ బూడిద రంగు బెరడు కట్టుకుంటుంది. ఎడతెగని గాలికి చాలా చెట్లు ఒకే పక్కకు వంగిపోయి ఉంటాయి.

ఇక మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. ఆ దగ్గర్లోనే సిద్ది అనే చిన్న ఊరు, ఊరి పైన ఇంకో పీఠభూమి. అక్కడ పెద్ద నల్లరాళ్ళతో కట్టిన పొడవాటి సమాధి ఉంది. ముందు భాగం ఎద్దు కొమ్ముల్లా రెండు వైపులా వంగి ఉంటుంది. మధ్యలో చిన్న గుమ్మం, లోపల చీకటి గది. ఊరి జనాన్ని ఎందరినో ఒకేచోట పూడ్చిన సమాధులివి. ఇలాంటివాటిని ఆ దీవిలో 'మహాకాయుల సమాధులు' అంటారు. సిద్దిలో ఉన్నదాని పేరు సా దోము ఎ సోర్కు. అర్థమేమిటని అడిగితే, "రాక్షసుడి ఇల్లు" అన్నారు. ఒళ్ళు జల్లుమంది. దామరవాయి గుట్ట మీద నాయనమ్మ అన్న మాటే అది! వాళ్ళకూ మనకూ రాకపోకలు లేవు. కాలాలు కూడా వేరు, వాళ్ళవి కంచు యుగంవి, మనవి ఇనుప యుగానివి. అయినా కట్టిన వాళ్ళెవరో మరచిపోయాక, అంతంత రాళ్ళను చూసి రెండు చోట్లా పల్లె జనం ఒకేలా అనుకున్నారు. కొండరాతిలో తొలిచిన చిన్న చిన్న సమాధులు కూడా ఆ దీవిలో ఉన్నాయి. వాటికేమో 'దేవకన్యల ఇళ్ళు' అని పేరు. అవి 2025లో యునెస్కో జాబితాకెక్కాయి.

ఈ పల్లెల్లో జనం తగ్గిపోతున్నారు. జారా కింద ఉన్న సెత్సు ఊళ్ళో రెండొందల మంది కూడా లేరు. అందుకే పొద్దున వచ్చి సాయంత్రానికి పట్నం పోకుండా అక్కడే రైతుల ఇళ్ళలో రెండు రాత్రులైనా ఉండండి. గొర్రెపాల జున్ను, అంటే చీజ్ పెడతారు, పానె కరసావు అనే రొట్టె పెడతారు. పొయ్యిలో పూరీలా పొంగిన రొట్టెను రెండు పొరలుగా విడదీసి, మళ్ళీ కాల్చి కరకరలాడేలా చేస్తారు. మందల వెంట నెలల తరబడి తిరిగే కాపరులకు ఒకప్పుడు అదే తిండి.

వీలైతే ఇంకా ఉత్తరానికి పోయి పౌలిలాతినో అనే ఊరి దగ్గర ఆగండి. అక్కడి ఆలివ్ చెట్ల మధ్య సాంతా క్రిస్తీనా దిగుడు బావి ఉంది. మూడు వేల ఏళ్ళ నాటిది. నల్లరాళ్ళను ఎంత నున్నగా చెక్కారంటే, అతుకుల మధ్య గోరు కూడా దూరదు. మెట్లు 25. పైకప్పు కూడా మెట్లలాగే, తలకిందులుగా దిగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో ఎండ ఆ మెట్ల మీదుగా దిగి అడుగునున్న నీటిని తాకుతుంది. నేను వెళ్ళింది మే నెలలో. అడుగు మెట్టు మీద కూర్చుని తల ఎత్తితే, పైన చిన్న గుండ్రటి కంతలోంచి ఆకాశం, కింద నీళ్ళలో అదే గుండ్రం. దాహం వేసిందేమో, ఒక పిచ్చుక నా పక్కనుంచే దిగి నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

నమస్కారం.