షవర్‌లో వేడినీళ్లు ఆలస్యంగా ఎందుకు వస్తాయి? ట్యాంకులేని గీజరును సరిచేసుకునే పద్ధతి

నమస్కారం. షవర్ తిప్పాక వేడినీళ్ల కోసం ఎదురుచూస్తూ మనం వదిలేసే చన్నీళ్లను ఎలా తగ్గించుకోవాలో, ట్యాంకులేని గీజరు (నీళ్లను నిల్వ ఉంచకుండా, పారుతుండగానే వేడిచేసేది) అందుకు ఎంతవరకు పనికొస్తుందో ఈ వీడియోలో చేసి చూపిస్తాను.

ముందుగా షవర్ కింద బకెట్ పెట్టి, నీళ్లు వేడిగా వచ్చేవరకు పట్టండి. తెర మీద కనిపిస్తున్న ఈ చన్నీళ్లన్నీ గీజరు నుంచి షవర్ దాకా పైపులో నిలిచి చల్లారినవే. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు 10 మీటర్లుంటే అందులో సుమారు రెండున్నర లీటర్లు నిలుస్తాయి, అర అంగుళం పైపులో అందులో సగమే నిలుస్తాయి. అందువల్ల గీజరు రకం మార్చినంత మాత్రాన ఆలస్యం పోదు. గీజరు షవర్‌కు దగ్గరగా రావాలి. ట్యాంకులేనిది చిన్నది కనుక అది సాధ్యమవుతుంది.

వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి: 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్), ఎర్త్ తప్పనిసరి.

ఇప్పుడు ఈ దశను నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. లీటరు మగ్గును షవర్ కింద పట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. మగ్గు 20 సెకన్లలో నిండితే నిమిషానికి 3 లీటర్లు వస్తున్నట్టు. ఆ ధారను 3 కిలోవాట్ల గీజరు 14 డిగ్రీలు మాత్రమే వేడెక్కించగలదు. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 18 డిగ్రీలుంటే 32 దగ్గరే ఆగిపోతాయి. ఇదిగో, గీజరుకు నీళ్లు వెళ్లేచోట ఉన్న ఈ చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ను కొద్దికొద్దిగా బిగిస్తూ, మళ్లీ కొలుస్తూ, మగ్గు 30 సెకన్లలో నిండేలా చేయండి. ఇప్పుడు దాదాపు 39 డిగ్రీలు వస్తాయి. షవర్ కుళాయి కంటే యాంగిల్ కాక్ దగ్గర సరిచేయడమే నాకు ఇష్టం, ఒకసారి పెట్టిన కొలత రోజూ అలాగే ఉంటుంది.

ధార బలంగానే కావాలంటే, నిమిషానికి 6 లీటర్లను 20 డిగ్రీలు పెంచడానికి 8 కిలోవాట్లకు పైగా కావాలి. ఇంట్లో మామూలు సాకెట్ అంత ఇవ్వలేదు, గ్యాస్ గీజరు ఇస్తుంది. అయితే దాన్ని స్నానాలగదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది. గాలి బాగా ఆడే బయటి గోడకే బిగించి, అక్కడి నుంచి అర అంగుళం పైపు వేసి, పైపులో వేడి త్వరగా పోకుండా ఇలా ఫోమ్ తొడుగు తొడగండి. ఒకరి తర్వాత ఒకరు వెంటనే స్నానం చేసే ఇంట్లో రెండోవారికి ఎదురుచూపు బాగా తగ్గుతుంది.