కడప బండ, మట్టికుండ, బోరు పైపు: ఒకే స్పీకర్‌కు మూడు పెట్టెలు

నమస్తే అందరికీ. ముందే చెప్తున్నా, హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈరోజు చూపించే మూడింటికీ తేడా ఏమీ తెలీదు, తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు.

ఇదిగో, టేబుల్ మీద మూడున్నాయి. ఇది కడప బండతో కట్టిన పెట్టె. ఇది మట్టికుండ, అవును, నీళ్లు తాగే కుండే. అదేమో బోరు కేసింగ్ పైపు ముక్క. మూడింట్లోనూ బిగించింది ఒకే స్పీకర్, పాత హోమ్ థియేటర్‌లోంచి పీకిన 5 అంగుళాలది, 8 ఓమ్స్. ఒకదాంట్లో విని, విప్పి, ఇంకోదాంట్లో బిగించి మళ్లీ విన్నా. స్పీకర్ మారితే పెట్టె గురించి మనం ఏం చెప్పినా గాలి మాటలే.

అసలు పెట్టె ఎందుకురా అని మా అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. ఉత్త స్పీకర్ ఎలా ఉందో వినండి... డోలు వినపడిందా? లేదు కదా. స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే కోన్ ముందుకు తోసినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది, రెండూ పక్కనుంచి తిరిగొచ్చి కలిస్తే బేస్ మొత్తం మాయం. అందుకే వెనక గాలిని మూసి పెట్టాలి. కానీ ఆ మూసిన గాలి ఊరుకోదు, గోడల్ని తోస్తుంది, గోడ ఊగిందంటే అది ఇంకో స్పీకర్ అయిపోతుంది, మనం అడగని స్పీకర్. మూడింట్లోనూ నేను చూసింది అదే, గోడ ఎంత ఊగుతోందని.

ముందు కుండ. 1950ల మొదట్లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ఇంజినీర్ హ్యారీ ఓల్సన్ ఒకే స్పీకర్‌ని గోళం, చదరపు డబ్బా, గొట్టం ఇలా రకరకాల ఆకారాల్లో పెట్టి కొలిచాడు. గోళంలోనే స్వరాల మధ్య హెచ్చుతగ్గులు అన్నిటికన్నా తక్కువ వచ్చాయి. పదును అంచు ఉన్న చోట శబ్దం చెదిరి ఇంకోసారి చెవికి చేరుతుంది, గోళానికి ఆ బాధ లేదు. అది చదివిన రోజే వంటింట్లో కుండ కనిపించింది. ఎన్ని లీటర్లో లెక్కలు కట్టలేదు, లీటరు సీసాతో నీళ్లు పోశా, 11 సీసాలు పట్టాయి. ఎండబెట్టి, గాలి కారకుండా లోపల రెండు కోటింగ్‌ల పెయింట్ వేసి, మూతి దగ్గర ప్లైవుడ్ రింగు అతికించి స్పీకర్ బిగించా.

చూడ్డానికి ఎంత బాగుందో! వింటే మాత్రం... గాయని ఆ ఒక్క స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా కుండ కూడా పాడుతోంది. కచేరీలో ఘటం ఎందుకుంటుందో మర్చిపోయా నేను. సన్నగా, గట్టిగా కాలిన మట్టి, వేలితో తడితే ఇదిగో, ఖంగుమంటోంది. లోపల దూది కుక్కితే కొంత తగ్గింది, పోలేదు. సొరబుర్రతో చేద్దామనుకునేవాళ్లు కూడా ఇక్కడే ఆగండి, తంబురాకు దాన్ని పెట్టింది మోగాలనే. నూనె డబ్బా సంగతి అడగొద్దు, పది సెకన్లకే ఆపేశా.

ఇక బండ. మనకు ఇది గ్యాస్ పొయ్యి గట్టు, అటకల అరలు, ఇంటి ముందు అరుగు. ముంబైలో వంటిల్లు కట్టించుకునేవాళ్లు ఊరి పేరని తెలీకుండానే 'కడప్పా' వేయించాం అంటారు. పాలిష్ చేసే దగ్గర మిగిలిన ముక్కలు అడిగి, కొలతలు చెప్పి కోయమన్నా. కోసే అన్న చీటీ చూసి, "ఏంది అప్పా, పిల్లికి సమాధి కడతాండావా?" అన్నాడు.

లోపల 20, 20, 25 సెంటీమీటర్లు, అంటే 10 లీటర్లు. బండ మందం 20 మిల్లీమీటర్లు. ఇంత మందంలో చదరపు అడుగు బండ దాదాపు 5 కిలోలు. అదే 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్క పీచును నొక్కి చేసే పలక, అయితే కిలోంపావు. ముందు పలక కూడా బండతోనే చేద్దామని ఆశపడి, ఇంట్లో కటింగ్ మెషిన్‌తో నేనే గుండ్రంగా కోయడం మొదలుపెట్టా. ఇది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. ముప్పావు వంతు బాగానే వచ్చింది, చివర్లో ఒక మూల నుంచి ఇంకో మూలకి పగిలింది. దుమ్ము సంగతి వేరే, మాస్కు లేకుండా ఈ పని చేయొద్దు, నీళ్లు పోస్తూ కోసే మిషన్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. చివరికి ముందు వైపు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మిగతా ఐదు వైపులా బండ, కీళ్లన్నీ ఎపాక్సీ జిగురుతో. పెట్టె 15 కిలోలు తేలింది.

ఇప్పుడు ఇది చూడండి, నాకు ఈ వీడియోలో బాగా నచ్చింది ఇదే. పైన గుప్పెడు బియ్యం పోశా. 60 హెర్ట్జ్ టోన్, అంటే సెకనుకు 60 సార్లు ఊగే బేస్ మోత పెడుతున్నా, సౌండ్ పెంచుతున్నా... ఒక్క గింజ కదల్లేదు. ఇదే పాత ప్లైవుడ్ డబ్బా మీద... చూశారా, గింజలు ఎట్లా చిందులేస్తున్నాయో. ఇక్కడితో నేను గెలిచాననుకున్నా. రాత్రి వార్తలు వింటుంటే చదివే ఆమె గొంతులో ఏదో సన్నని గీర. ఏంటా అని బండను వేలి కణుపుతో తట్టా. టింగ్! బరువు ఉంది, గట్టితనం ఉంది, కానీ మొదలైన ఊపును లోపలే మింగేసే గుణం రాయికి తక్కువ. దాంతో మోత కింద బేస్‌లో రాకుండా పైన మాటలుండే చోట వస్తోంది, బియ్యం గింజకు అది కనపడదు. కార్ల డోర్లకు లోపల అతికించే తారు షీట్ ఉంటుంది కదా, అది నాలుగు వైపులా అతికించి, అటు గోడకీ ఇటు గోడకీ మధ్య ఒక కర్ర ముక్క బిగించి, ఆదోని నుంచి తెచ్చిన దూది వదులుగా నింపా. ఇప్పుడు తడితే థప్ మంటుంది, అంతే.

పైపు. అనంతపురం దగ్గర మా మామ తోటలో బోరు ఫెయిలైంది, 7 అంగుళాల కేసింగ్ మిగిలింది. ఆయనకు అది గుండెకోత, నాకు 90 సెంటీమీటర్ల ముక్క ఫ్రీ. గుండ్రటి గోడ లోపలి ఒత్తిడికి చదును పలకలాగా పొంగదు, అందుకే పలచని ప్లాస్టిక్ అయినా బాగా నిలబడింది. సమస్య పొడవుతో వచ్చింది. రెండు చివరలూ మూసిన ఇంత పొడవు గొట్టం 190 హెర్ట్జ్ దగ్గర తనే పలుకుతుంది, మగ గొంతు డ్రమ్ములోంచి వస్తున్నట్టు ఉంటుంది. నిలువునా దూది నింపాక చాలావరకు పోయింది. పైపు సరిగ్గా నడిమిలో స్పీకర్ పెడితే ఆ స్వరం లేవనే లేవదు, కానీ వంపు మీద గాలి కారకుండా బిగించడం నాకు చేతకాలేదు. పైన పెట్టా కాబట్టి సౌండ్ మిద్దె వైపు పోతోంది, హెచ్చు స్వరాలు కొంచెం మసక.

డబ్బులకు చూస్తే పైపే. గొంతులు శుభ్రంగా కావాలంటే బండ, కానీ అద్దె ఇంట్లో ఉండేవాళ్లు వద్దు, ఇల్లు మారే రోజు ఏడుస్తారు. కుండ ఫొటోలకు. ఇంగ్లండ్‌లో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1950ల్లోనే రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఎండు ఇసుక నింపేవాడు, ఇసుక రేణువులు ఒకదానికొకటి రాసుకుని ఊపును తినేస్తాయి. తర్వాత నేను చేసేది అదే, పెన్నా ఇసుక ఒక్క బకెట్ చాలు, ట్రాక్టర్ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు అదే పాట, అదే వాల్యూమ్, మైకు అక్కడే. ఏది ఏదో చెప్పను, ఒకటి, రెండు, మూడు అంటానంతే. కళ్లు మూసుకోండి. ఒకటి...