దేవుడు పాపుల మనవి వినడా?

అందరికీ ప్రభువు పేరట వందనాలు.

మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక ఒక సహోదరి అందరూ వెళ్లేదాకా ఆగారు. "అయ్యగారూ, నాలాంటిదాని ప్రార్థన దేవుడు వినడంట కదా, ఇంక చేసి ఏం లాభం?" అన్నారు. ఎవరు చెప్పారమ్మా అంటే, వాక్యంలోనే ఉందట అన్నారు. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అందుకే ఈ రోజు అనుకున్న వాక్యం పక్కనపెట్టాను.

ఆమె విన్నది యోహాను సువార్త 9వ అధ్యాయం 31వ వచనం. "దేవుడు పాపుల మనవి ఆలకింపడని యెరుగుదుము." నిజమే, ఉంది. కానీ అన్నదెవరు? యేసు కాదు, అపొస్తలులు కాదు. పుట్టుగుడ్డివాడై, అప్పుడే చూపు పొందిన ఒక మనిషి. యూదుల మతపెద్దలైన పరిసయ్యులు అతన్ని పిలిపించి, నిన్ను బాగుచేసిన యేసు పాపి అని గద్దిస్తున్నారు. పాపి మాట దేవుడు వినడు కదా, మరి ఈయన పాపి అయితే నాకు కళ్లెలా వచ్చాయి అన్నది అతని వాదన. యేసు పక్షాన నిలబడి పలికిన మాట అది. దాన్ని తెచ్చి, ఏడుస్తున్న మనిషి ముఖం మీద తలుపు వేయడానికి మనం వాడుతున్నాం. నాకు చాలా బాధగా ఉంది.

యేసు స్వయంగా చెప్పింది వేరే. లూకా 18లో ఆయన చెప్పిన ఉపమానంలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ప్రార్థనకు వచ్చి దూరంగా నిలబడ్డాడు, తల కూడా ఎత్తలేదు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే. పాత నిబంధనలో యూదా రాజైన మనష్షే సంగతి చూడండి. యెరూషలేమును నిర్దోషుల రక్తంతో నింపినవాడు, కన్నకొడుకులను అగ్నిలో దాటించినవాడు. సంకెళ్లతో బబులోనుకు ఈడ్చుకుపోతే అక్కడ మొరపెట్టాడు. దేవుడు విన్నాడు.

మరి వినని ప్రార్థన లేదా? ఉంది. యెషయా 58 చదవండి. మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు అని జనం దేవుణ్ణే నిలదీస్తారు. ఉపవాస దినానే మీరు పనివాళ్లను పీడిస్తున్నారు, ఇలాంటి ఉపవాసంతో మీ కంఠం పైకి వినపడదు అంటాడు ఆయన. యాకోబు 5వ అధ్యాయం 4వ వచనంలో దీని రెండో వైపు ఉంది. పొలం కోసినవాళ్ల కూలి బిగబట్టారు, ఆ కోసినవాళ్ల కేకలు సైన్యముల ప్రభువు చెవుల్లో పడ్డాయి. ఆలోచించండి. కూలి ఆపిన ఆసామి గుడిలో మోకాళ్ల మీద ఉన్నాడు. కూలి అందని మనిషి ఇంట్లో ఏడుస్తోంది. దేవుడు ఎవరి మాట వింటున్నాడో యాకోబు దాచలేదు.

పేతురు అయితే నేరుగా భర్తలకే రాశాడు: మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగకూడదంటే భార్యను గౌరవించండి అని. ఇంట్లో చెయ్యి చేసుకుని వచ్చి ఇక్కడ గంటసేపు స్తుతించే అన్నలూ, ఆ వచనం మీకే.

అమ్మా, మీ పేరు చెప్పను. మీరు ప్రార్థన మానొద్దు. అంతే నా మనవి.

ఇప్పుడు ప్రార్థన చేద్దాం. కానీ అర్పణ బలిపీఠం ముందే విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు. మాటలు మానేసినవాళ్లు ఉంటే, కూలి బాకీ ఉన్నవాళ్లు ఉంటే, బయటికి వెళ్లి ఫోన్ చేసి రండి. మేం ఆగుతాం.