గియోన్ రథం మోకు

శ్రోతలందరికీ నమస్కారం.

జపాన్ ప్రయాణం ఇప్పుడు మన ఇళ్లలోనూ మామూలైపోయింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో నెల్లాళ్లు ఉండి వద్దామని పెద్దవాళ్లు బయల్దేరుతున్నారు. "అక్కడ ఏం చూడమంటారండీ?" అని నన్నెవరైనా అడిగితే, ఏ నెలలో వెళ్తున్నారని ముందు నేనడుగుతాను. జులై అన్నారా, ఇంక ఆలోచించక్కర్లేదు. క్యోటో వెళ్లండి. గియోన్ పండగ చూడండి.

జపాన్‌వాళ్లు పండగని మత్సురి అంటారు. టోక్యోలో మే నెలలో సంజా మత్సురి, ఒసాకాలో జులై ఆఖర్లో పడవల మీద సాగే టెంజిన్ మత్సురి, ఇలా పెద్ద పట్నాలన్నిటికీ పెద్ద పండగలున్నాయి. ఇవాళ మనకున్న కాస్త సమయంలో ఒక్క గియోన్ గురించే చెబుతాను. ఎందుకంటే అది రథాల పండగ. రథం అంటే మనకి వేరే చెప్పాలా?

869లో ఆ దేశంలో అంటువ్యాధులు పెట్రేగిపోయాయి. ఊళ్లో మశూచో కలరానో వస్తే మనవాళ్లు అమ్మవారికి జాతర చెయ్యలేదూ, అలాగే వాళ్లూ మొక్కుకున్నారు. అప్పట్లో దేశం 66 రాష్ట్రాలు. రాష్ట్రానికొకటి చొప్పున 66 బల్లేలు నిలబెట్టి, రోగం పొమ్మని పూజ చేశారు. బల్లేన్ని వాళ్ల భాషలో హోకో అంటారు. కాలం గడిచేకొద్దీ ఆ బల్లెం కింద బండి వచ్చింది, బండి మీద మండపం వచ్చింది. ఇవాళ పెద్ద రథాలని హోకో అనే పిలుస్తున్నారు. మధ్యలో యుద్ధాలొచ్చి కొన్నాళ్లు ఆగిపోయినా, 1500లో ఊళ్లోవాళ్లే మళ్లీ నిలబెట్టుకున్నారు.

ఇంతకీ గియోన్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా అండీ? మన జేతవనం. శ్రావస్తిలో బుద్ధుడు ఎన్నో వానాకాలాలు గడిపిన తోట. ఆ జేతవనం చైనా అక్షరాల్లోకి వెళ్లి, అక్కణ్ణించి జపాన్ చేరి, వాళ్ల నోట గియోన్ అయింది. ఆ తోటని కాపాడే దేవుడనే పేరుతోనే ఈ పండగ చేసే క్యోటో గుడిలోని స్వామిని కొలిచేవారు. ఆ సంగతి తెలిశాక ఆ వీధులు నాకు పరాయివి అనిపించలేదు.

ఇప్పుడు రథాల దగ్గరికి వద్దాం. జులై 17న 23 రథాలు, 24న 11 రథాలు బయటికొస్తాయి. పెద్ద రథాలు కొన్ని పన్నెండు టన్నుల దాకా బరువు. నేల నుంచి కొస దాకా పాతిక మీటర్లు. చక్రం పక్కన నిలబడితే అది మనిషి కంటే ఎత్తు. లోపల వేణువులు, డప్పు, కంచు గంటలు పట్టుకుని నలభై మంది దాకా వాద్యగాళ్లు కూర్చుంటారు. ఆ గంటల చప్పుడుని ఊరివాళ్లు 'కోన్ చికి చిన్' అంటారు. కోన్ చికి చిన్, కోన్ చికి చిన్. రెండు రోజులు ఆ ఊళ్లో ఉంటే నిద్రలో కూడా వినిపిస్తుంది.

అన్నిటికన్నా చూడాల్సింది మలుపు. షిజో వీధి, కవారమాచి వీధి కలిసే కూడలి. రథం చక్రాలు ముందుకి దొర్లుతాయి తప్ప పక్కకి తిరగవు. మన రథాలూ అంతే. మనవాళ్లు చక్రం కింద దిమ్మెలు పెట్టి, కొద్దికొద్దిగా మళ్లిస్తారు. వీళ్లేం చేస్తారంటే, పచ్చి వెదురు బద్దలు తెచ్చి ముందు చక్రాల దగ్గర రోడ్డు మీద పరుస్తారు. రథాన్ని మెల్లగా వాటి మీదికి ఎక్కిస్తారు. బకెట్లతో నీళ్లు పోస్తారు. మోకులు పక్కకి మార్చి కడతారు. లాగేవాళ్లు నలభై యాభై మంది ఆ పక్కకి చేరతారు. అప్పుడు వీధి వీధంతా నిశ్శబ్దమైపోతుంది. రథం ముందుభాగంలో నిలబడ్డ ఇద్దరు మనుషులు విసనకర్రలు చాచి ఒక్క కేక పెడతారు. అందరూ ఒక్కసారే గుంజుతారు. తడి వెదురు మీద చక్రాలు సర్రున జారతాయి. పైన బల్లెం ఊగుతుంది. పన్నెండు టన్నుల రథం ఒక్క ఊపున పక్కకి తిరుగుతుంది, కానీ పూర్తిగా కాదు. మళ్లీ బద్దలు, మళ్లీ నీళ్లు, మళ్లీ కేక. రెండోసారి. మూడోసారికి రథం కొత్త వీధికి ఎదురుగా నిలబడుతుంది. నా పక్కనున్న పెద్దావిడ చేతులు జోడించింది. నా చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

ఆ ఊపుకి రథం విరిగిపోదా అని అప్పుడు నాకు భయం వేసింది. విరగదు. కారణం మేకులు లేకపోవడమే. రథం కొయ్యలన్నీ గడ్డితాళ్లతో కట్టి బిగించినవే. మేకు కొట్టి ఉంటే అతుకు పగులుతుంది. తాడైతే కాస్త సాగి, మళ్లీ సర్దుకుంటుంది. ఆ కట్లు దగ్గర్నించి చూడాలి. వరసలో వరస, ముడి ఎక్కడుందో కనపడకుండా, జడ అల్లినట్టుంటాయి. ఊరేగింపు అయిపోగానే ఆ కట్లన్నీ విప్పేస్తారు. వీధుల్లోని చెడునంతా రథం తన మీదికి తీసుకుంటుందని, దాన్ని అలా నిలబెట్టి ఉంచకూడదని వాళ్ల నమ్మకం.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ రథాలకి చుట్టూ కట్టే బట్టలు. ఒకదానికి బైబిల్ కథ నేసిన 16వ శతాబ్దపు ఐరోపా తెర. కొన్నిటికి తివాచీలు. ఆ తివాచీల్లో మన దక్కనులో నేసినవి ఉన్నాయండి! డచ్చి వర్తకులు ఓడల్లో నాగసాకికి చేర్చిన సరుకు అది. అదే డచ్చివాళ్లకి 17వ శతాబ్దం మొదట్నించీ మన మచిలీపట్నంలో స్థావరం ఉండేది. క్యోటో షావుకార్లు ఆ తివాచీలు కొని, ఇంట్లో కాళ్ల కింద వేసుకోకుండా దేవుడి రథానికి కట్టారు. మన నేతగాడి పనికి అంతకన్నా మర్యాద ఏముంటుంది?

సరే, వెళ్లేవాళ్లకి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. 17వ తారీఖు ఒక్కటే పెట్టుకుని వెళ్లకండి. ఆ రోజు జనం కిటకిట, ఎండ విపరీతం, పెద్దవాళ్లు నిలబడలేరు. 12వ తారీఖుకి అక్కడుండండి. మళ్లీ చెబుతున్నాను, జులై 12. అంతకు రెండు రోజుల ముందు నుంచే వీధిలో రథాలు కట్టడం మొదలవుతుంది, ఆ తాళ్ల పని దగ్గరగా నిలబడి చూడొచ్చు. 12 మధ్యాహ్నం, కట్టడం పూర్తయిన పెద్ద రథాలని కాస్త దూరం లాగి చూస్తారు. ఆ లాగడానికి ఎవరైనా రావచ్చు. ఆడవాళ్లు రావచ్చు, పిల్లలు రావచ్చు, మీరూ నేనూ రావచ్చు. టికెట్టు లేదు. ఆ మోకు పట్టుకుంటే ఏడాదంతా రోగం రొష్టు దరిచేరదని అక్కడివాళ్లు అంటారు.

క్యోటో స్టేషన్‌లో కరసుమ లైను సబ్‌వే ఎక్కితే రెండో స్టేషన్ షిజో. పైకొస్తే రథాలు కనిపిస్తాయి. ఆ ఏటి వేళలు ముందే కనుక్కుని, ఓ గంట ముందు చేరండి. గొడుగు బదులు టోపీ పెట్టుకోండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి. రెండు పొడవాటి మోకులు రోడ్డు మీద పరుస్తారు. బడి పిల్లలు, తల్లులు, ముసలివాళ్లు వరసగా నిలబడతారు. మీరూ వెళ్లి నిలబడండి, ఎవరూ ఏమీ అనరు. నేను వెళ్లిన ఏడు నా ముందు ఏడెనిమిదేళ్ల పాప ఉంది. పైనుంచి "ఎన్‌యారాయా" అని కేక వచ్చింది. మోకు బిగిసింది. కాసేపు ఏమీ కదల్లేదు. తరవాత అరచేతిలో చిన్న వదులు తెలిసింది, వెనక చక్రం కిర్రుమంది, అందరం ఒక అడుగు ముందుకి పడ్డాం.

సెలవు.