"రెస్పెక్టెడ్ సర్" అంటే మర్యాద అయిపోయినట్టేనా? లైనక్స్ మెయిల్స్ కథ

హాయ్ అండి అందరికీ. ఓపెన్ సోర్స్‌లోకి దిగుదామనుకునే ఇంజినీరింగ్ పిల్లలు చాలామంది అడిగే డౌట్ ఒకటుంది, లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, పంపేటప్పుడు మెయిల్‌లో రెస్పెక్టెడ్ సర్ అని పెట్టాలా డియర్ సర్ అని పెట్టాలా అని. ఏదో ఒకటి పెట్టుకోండి, ఉత్త హాయ్ అన్నా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ళకి ఒళ్ళు మండేది వేరే విషయాలకి.

ఇప్పుడు మీ ప్యాచ్‌కి ఎవరో రివ్యూ రాశారనుకోండి, రెండొందల లైన్ల కోడ్, మధ్యలో ఎక్కడో "ఇక్కడ లాక్ ఎందుకు తీసుకోలేదు" అని ఒక ప్రశ్న, ఇంకో చోట ఇంకో ప్రశ్న. మీరు రిప్లై కొట్టి పైన "ఓకే సర్, విల్ ఫిక్స్, థాంక్యూ సో మచ్ సర్" అని పెట్టి, కింద ఆ రెండొందల లైన్లూ అలాగే వదిలేశారు. వినయానికి వినయం, అన్నీ ఉన్నాయి, కానీ దేనికి ఓకే అన్నారు? ఈ ప్యాచ్‌లన్నీ వెళ్ళే మెయిలింగ్ లిస్ట్‌లోకి రోజూ వందల మెయిల్స్ వస్తాయి, మీరేమన్నారో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. అందుకే అడిగిన ముక్క ఒక్కటే ఉంచి, మిగతాదంతా కోసేసి, ఆ ముక్క కిందే జవాబు రాయమంటారు. అది కూడా ప్లెయిన్ టెక్స్ట్‌లోనే, హెచ్‌టీఎంఎల్ మెయిల్ పంపితే వాళ్ళ సర్వర్ లోపలికే రానివ్వదు. జీమెయిల్ వెబ్‌లో ప్యాచ్ పేస్ట్ చేశారా, ట్యాబులన్నీ స్పేసులైపోతాయి, ఇక అది అప్లై అవ్వదు, ప్యాచ్‌ని నేరుగా మెయిల్ చేసే గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్ నేర్చుకోండి. ఇంకోటి, మన ఆఫీసుల్లో రిప్లై ఆల్ కొడితే తిడతారు కదా, అక్కడ కొట్టకపోతే తప్పు.

ఇవేమీ నిన్న మొన్న పుట్టిన పద్ధతులు కాదు. 1995 అక్టోబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ డాక్యుమెంట్‌గా నెటికెట్ (నెట్‌లో మర్యాద) గైడ్‌లైన్స్ వచ్చాయి. అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో రాస్తే అరిచినట్టుంటుంది అని అందులోనే ఉంది. మనకి తెలుగులో క్యాపిటల్స్ లేవు కాబట్టి ఆశ్చర్యార్థకాలు అరడజను గుద్ది అరుస్తాం, అది వేరే సంగతి. ఎమోషనల్‌గా ఉన్నప్పుడు రిప్లై ఇవ్వకండి, రాత్రి గడవనివ్వండి అని కూడా ఉంది.

ఈ రాత్రి ఆగడం అనేది లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కి అస్సలు రాలేదు. 1992 జనవరిలో, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసిన ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ మినిక్స్ న్యూస్‌గ్రూప్‌లో (అప్పటి ఆన్‌లైన్ చర్చా వేదికలో) లైనక్స్ కాలం చెల్లిన డిజైన్ అని పోస్ట్ పెట్టారు, అప్పటికి లైనస్‌కి 22 ఏళ్ళు, వెంటనే చెడామడా రాసేశాడు. తర్వాత ఒకాయన "ఇలా కాదు చేసేది" అని స్నేహంగా ఉత్తరం రాస్తే, నెటికెట్ చూసుకోకుండా రాసేశానని అందరి ముందే సారీ చెప్పి, ఇదే నా మొదటి గొడవ, ఆఖరిది కూడా అవ్వాలి అన్నట్టు సంతకం పెట్టుకున్నాడు. ఆఖరిదట!

2012 డిసెంబర్‌కి వచ్చేసరికి ఒక మెయింటైనర్‌ని (కెర్నల్‌లో ఒక భాగం చూసుకునే మనిషిని) అదే క్యాపిటల్ లెటర్స్‌లో, బూతు కలిపి నోర్ముయ్ అన్నాడు. విషయం ఏంటంటే కెర్నల్‌లో మార్పు వల్ల ఆడియో యాప్స్ పాడైతే, తప్పు యాప్‌దే అన్నాడు ఆ మెయింటైనర్. అక్కడ లైనస్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, యూజర్ ప్రోగ్రామ్స్‌ని పాడుచేయకూడదనే ఆ రూల్‌ని అంత గట్టిగా పట్టుకోవడం నాకూ నచ్చుతుంది, కానీ దానికి బూతెందుకు? 2013లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ చూసుకునే ఒక డెవలపర్ ఇదే అడిగారు. మర్యాద నటిస్తే మనుషులు వెనకనుంచి పొడవడం మొదలెడతారు అన్నట్టు వాదించాడు లైనస్. అందులో కొంచెం నిజం లేకపోలేదు, "యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్" అంటూ మన ఆఫీసుల్లో ఎంత పద్ధతిగా పొడుస్తారో మీకు తెలియంది కాదు. కానీ అడిగిన ఆ డెవలపర్ కెర్నల్ పనే మానేశానని 2015లో బయటికి చెప్పారు. నష్టం ఎవరికి? నాకు ఇంకా చిరాకు ఏంటంటే లైనస్ తిట్లు నేర్చుకున్నంత ఈజీగా ఆయన కోడింగ్ ఎవరూ నేర్చుకోలేదు.

2018 సెప్టెంబర్ 16న, 4.19 కెర్నల్ టెస్టింగ్ వెర్షన్ (ఆర్‌సీ4) రిలీజ్ మెయిల్‌లోనే లైనస్ సారీ చెప్పి బ్రేక్ తీసుకున్నాడు, బూతులుంటే మెయిల్ బయటికి పోకుండా ఫిల్టర్ పెట్టుకుంటానేమో అని జోక్ కూడా వేశాడు. 4.19ని ఆయన బదులు ఇంకో సీనియర్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రిలీజ్ చేశారు, ఎలా ప్రవర్తించాలో చెప్పే కోడ్ ఆఫ్ కాండక్ట్ అప్పుడే వచ్చింది. ఇక క్వాలిటీ పోయినట్టే అని ఫ్యాన్స్ గోల పెట్టారు, ఏమీ అవ్వలేదు, తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నల్ వస్తూనే ఉంది.

తిట్టకుండానే మర్యాద తప్పే ఇంకో రకం కూడా ఉంది. మినెసోటా యూనివర్సిటీ రీసెర్చర్లు, రివ్యూవర్లు పట్టుకుంటారో లేదో చూద్దామని కావాలనే తప్పులున్న ప్యాచ్‌లు పంపారు. తిట్లు గిట్లు ఏమీ లేవు, మామూలు ప్యాచ్‌ల్లాగే ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో గ్రెగ్ ఆ యూనివర్సిటీ నుంచి వచ్చేవేవీ తీసుకోం అని బ్యాన్ పెట్టారు, వాళ్ళు సారీ చెప్పి పేపర్ వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి ప్యాచ్ పంపేవాళ్ళు, రిప్లై రాలేదని మర్నాడే పింగ్ చేయకండి, కనీసం వారం ఆగమని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మార్చి పంపేటప్పుడు సబ్జెక్ట్‌లో వెర్షన్ 2 అని వేసి, ఏం మార్చారో మూడు గీతల (---) లైన్ కింద రాయండి. రివ్యూ చేసినవాళ్ళకి థాంక్స్ చెప్పమని కూడా అందులోనే రాశారు, ఒక్కసారి చెబితే చాలు.